సీటు కవరు కింద లాకు

ఇరవై ఏడేళ్లు సీటు కవర్లు కుట్టాను. మొదట జీపులకు, ట్రాక్టర్లకు, మోటారు సైకిళ్లకు. గోదావరి మీద వంతెన కట్టాక కార్లకు. ఇప్పుడు కుట్టడం లేదు. కుడి చేతి బొటనవేలు వంగదు, సూదిలో దారం ఎక్కించాలంటే ఎవరినో పిలవాలి.

నేను చెప్తుంటే మా కోడలు రాస్తున్నది. మా సిరొంచ మహారాష్ట్రలో ఉంది, ఇక్కడి పిల్లలు మరాఠీ బడిలో చదివినవాళ్లు. ఈమెది గోదావరి అవతలి ఊరు కాబట్టి తెలుగు రాయడం వచ్చు. నాకు ఏ భాషలోనూ రాదు. సంతకం పెడతాను, టేపు మీద ఇంచులు చదువుతాను. ఆ ఇంచులతోనే బతికాను.

నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఈ మధ్య అంకిసలో సొంతంగా మిషన్ పెట్టుకున్నారు. మొన్న వచ్చి, "అవ్వా, ఇంకేమన్న చెప్పేదుంటె చెప్పు, మల్ల మర్శిపోతవు" అన్నారు. కొలతలు, రెక్సిన్ రకాలు, మూలలు తిప్పడం వాళ్లకు వచ్చు. చెప్పకుండా దాచుకున్నది ఒక్కటే ఉంది. ఎట్లా కుట్టాలో కాదు, ఎక్కడ కుట్టకూడదో.

ఉస్తాద్ నేర్పింది

మా ఆయన రాజమల్లు జీపు సీట్లు కుట్టేవాడు. పచ్చకామెర్లతో పోయాడు. మిషన్ ఇంట్లో మిగిలింది. నాకు గుడ్డ కుట్టడం వచ్చు గానీ రెక్సిన్ కుట్టడం రాదు. కొడుకును మా అమ్మ దగ్గర వదిలి చంద్రపూర్ పోయి ఖాదర్ ఉస్తాద్ షాపులో రెండేళ్లు పనిచేశాను. షాపులో ఆడమనిషిని నేను ఒక్కదాన్నే. మిగతా పనివాళ్లు నవ్వేవాళ్లు. ఉస్తాద్ నవ్వలేదు. మొదటి రోజే ఒక పాత సీటు ముందర పడేసి, "కుట్లు విప్పు. విప్పుడు వస్తె కుట్టుడు వస్తది" అన్నాడు. నెల రోజులు విప్పుడే.

ఆయన చెయ్యి లాంటి చెయ్యి మళ్లీ చూడలేదు. కుట్టిన సీటు మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపేవాడు. ఎక్కడన్నా ఆగితే మొత్తం విప్పించేవాడు.

"జర దేఖ్ రాజవ్వా, చెయ్యి జారాలె. నడిమిట్ల ఏదన్న తగిలిందంటె అది పని గాదు, దగుల్బాజీ."

వెనక సీట్లో బెల్టు కొస పెట్టే లాకులు పైకి పొడుచుకొని ఉంటాయి. వాటికి రెక్సిన్‌లో సన్నగా కోసి, అంచు మడిచి, చుట్టూ కుట్టు వెయ్యాలి. ఒక్కో లాకుకు చాలాసేపు పడుతుంది, అంచు సరిగ్గా రాకపోతే అక్కడే చినుగుతుంది. ఉస్తాద్ దానికి దారి చూపించాడు. లాకును సీటు సందులోకి తొక్కేసి మీద నుంచి కవరు లాగేయడమే. చెయ్యి జారుతుంది. చూపుకు నున్నగా ఉంటుంది. ఆ రోజుల్లో వెనక సీట్లో బెల్టు పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు కాబట్టి అది తప్పని తోచలేదు.

ఉస్తాద్ చెడ్డవాడు కాదు. ఆయన పెట్టిన అన్నం తిన్నాను. కానీ ఆయనకు తెలిసింది సీటు. సీట్లో కూర్చునే మనిషి సంగతి ఆయనకు తెలియదు, నేను అడగలేదు. పని నేర్పినవాళ్లు చెప్పినదంతా పనే అనుకోవడం నా మొదటి తప్పు.

ఆరు బెలూన్లు

సిరొంచకు తిరిగి వచ్చి షాపు పెట్టాను. అడిగింది చేసి పెట్టాను. లాకులు తొక్కేశాను. బెల్టు పెట్టుకోకపోతే కారు చప్పుడు చేస్తుంది కదా, ఆ చప్పుడు ఆపే ఉత్త క్లిప్పులు కూడా తెప్పించి అమ్మాను. ముందు సీటు వాళ్లు పోలీసు చెకింగ్ కనబడగానే బెల్టు లాక్కొని, దాటగానే వదిలేసేవాళ్లు. నాకు నవ్వు వచ్చేది.

మా బజారులో కిషన్ సేటుది గుడ్డల దుకాణం. తల్లి రాధమ్మ, భార్య సునీత, ఆయన, ముగ్గురే ఇంట్లో. ఆయన కొత్త కారు కొని నేరుగా నా షాపు ముందర ఆపాడు. తల్లి వెనక సీట్లో కూర్చొని ఉంది.

"ఇగో అక్కా, తెల్ల రెక్సిన్ ఏస్తవో ఏం ఏస్తవో, చూసినోడు మల్ల చూడాలె" అన్నాడు సేటు.

"తెల్లది మాసిపోతది సేటూ."

"మాస్తె మల్ల నీకే బేరం గద. ఎందుకు బాధ పడ్తవు?"

కారు గొప్పలన్నీ చెప్పాడు. ఆరు బెలూన్లు ఉన్నాయట. గుద్దుకుంటే వాటంతట అవే ఉబ్బి మనిషిని కాపాడతాయట.

"మరి బెల్టో?" అన్నాను.

"ఆరు బెలూన్లుండంగ బెల్టెందుకక్కా. అది పోలీసోళ్లకు సూపెట్టెటందుకే."

రాధమ్మ లోపలి నుంచే అన్నది. "ఓ రాజవ్వా, గీ నల్లయి ఏందే, నడుముకు గుచ్చుకుంటున్నయి. వీటిని తీసెయ్."

"అవి తీస్తె రావమ్మా, కిందికి తొక్కేస్త."

"తొక్కెయ్ అక్కా," అన్నాడు సేటు. "అమ్మకు మంచిగుండాలె."

తొక్కేశాను. మూడు లాకులూ. ఇంకొకటి కూడా చేశాను. ముందు సీట్లకు పక్కన, తలుపు వైపు, చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంది, మీద ఇంగ్లీషు అక్షరాలు. చొక్కా కాలరుకు ఉన్నట్టు కంపెనీ పేరు అనుకున్నాను. కవరు కింద ఉబ్బుగా కనబడుతుందని బ్లేడుతో కోసి పారేసి, మీద మందపు రెక్సిన్ బిగించి రెండు వరుసలు కుట్టాను. ఆ కారుకు కుట్టినంత నున్నగా మళ్లీ దేనికీ కుట్టలేదు. ఉస్తాద్ చూస్తే మెచ్చుకునేవాడు.

మూటకు బెల్టు

సునీత తల్లిగారిది ఆష్టి. వానలు ఆగిన కొత్తలో ఒకసారి సేటు, ఆమె అక్కడికి పోయి తిరిగి వస్తున్నారు. సేటు చంద్రపూర్ నుంచి తెప్పించిన గుడ్డల మూటలు ఆష్టిలో దిగితే, వాటిని కూడా కార్లో వేసుకున్నాడు. ముందు సీట్లో పెద్ద మూట, అందుకని సునీత వెనక కూర్చున్నది. బరువుకు మనిషి అనుకొని కారు చప్పుడు చేస్తుంటే, సేటు ఆ మూటకు బెల్టు పెట్టాడు. అల్లపల్లి దగ్గర చెకింగ్ ఉంటుందని తానూ పెట్టుకున్నాడు, దాటాక విప్పలేదు.

పట్టపగలు. జిమల్‌గట్ట దాటాక మలుపులో ఆవులు అడ్డం వచ్చాయి. సేటు పక్కకు తిప్పితే కారు పోయి రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడకు గుద్దుకుంది. ముందు బెలూన్లు రెండూ ఉబ్బాయి. సేటు మెడ మీద బెల్టు గీరిన గుర్తు తప్ప ఏమీ కాలేదు. మూట ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. సునీత వెనక నుంచి ఎగిరి వచ్చి ముందు సీటుకు కొట్టుకొని, రెండు సీట్ల నడుమ పడింది. తుంటి ఎముక విరిగింది, మోకాలి చిప్ప పగిలింది. చంద్రపూర్‌లో రాడ్లు వేశారు.

ఊళ్లో అందరూ అన్నారు, ఆరు బెలూన్లు ఉన్న కారు కదా, వెనకవి ఎందుకు తెరుచుకోలేదని. నేనూ అదే అన్నాను.

మెకానిక్ అడిగింది

కారు చంద్రపూర్‌లో ఒక వర్క్‌షాపులో ఉంది. ముందు సీట్ల కవర్లు పాడయ్యాయి, కొలత తీసుకొమ్మని సేటు నన్ను పంపించాడు. స్టీరింగు నుంచి బెలూన్ వేలాడుతున్నది. ముట్టుకుంటే పరదా గుడ్డ అంత పలుచగా ఉంది. దీనికా ఇంత పేరు అనుకున్నాను.

అక్కడి మెకానిక్ మరాఠీ అతను, నా కొడుకు వయసు. ముందు సీటు పక్క నేను వేసిన రెండు వరుసల కుట్టు చూసి, ఇది ఎవరు కుట్టారని అడిగాడు. నేనే అన్నాను. ఇక్కడ గుడ్డ ముక్క ఉండాలి, ఏమైందన్నాడు. కోసేశానన్నాను. అతను తిట్టలేదు, మావశీ, అంటే పిన్నీ, అని పిలిచే మాట్లాడాడు. దాని మీద రాసి ఉన్నది కంపెనీ పేరు కాదు మావశీ, ఈ సీటు లోపల బెలూన్ ఉంది, ఇక్కడ మూయొద్దు అని దాని అర్థం అన్నాడు. పక్క నుంచి లారీ గుద్ది ఉంటే ఆ బెలూన్ నా రెక్సిన్ చించుకొని రావాల్సి ఉండేది, రాగలిగేదో లేదో తెలియదన్నాడు.

తర్వాత వెనక సీటు దగ్గరికి వచ్చి చెయ్యి పెట్టి వెతికాడు.

"మావశీ, లాక్ కుఠే ఆహే?"

లాకు ఎక్కడుందని. నేను వేలుతో చూపించాను. అతను ఆ నున్నటి సీటు మీద అరచెయ్యి జరిపాడు, అచ్చం ఉస్తాద్ జరిపినట్టే. ఎక్కడా ఆగలేదు. అప్పుడు నేను అక్కడే టైరు మీద కూర్చున్నాను.

నీళ్లు ఇచ్చి, అంతా విడమరిచి చెప్పాడు. అది మీకు నా మాటల్లో చెప్తాను. ఆరు బెలూన్లలో రెండు ముందువాళ్ల ఎదుట, రెండు ముందు సీట్ల పక్కన, రెండు కిటికీల మీద ఉంటాయి. వెనక కూర్చున్నవాళ్ల ఎదుట ఒక్కటి కూడా లేదు. వాళ్లు ముందుకు ఎగరకుండా ఆపేది బెల్టు ఒక్కటే. ఇక ముందువాళ్లకైనా, బెలూన్ మెల్లగా వచ్చే దిండు కాదు. కొట్టినంత జోరుగా వస్తుంది. బెల్టు మనిషిని వెనక్కి పట్టి ఉంచితే, ఉబ్బిన బెలూన్ మీద తల ఆనుతుంది. బెల్టు లేకుండా మనిషి ముందుకు పడితే, అదే బెలూన్ వచ్చి మొహాన్ని గుద్దుతుంది.

మన పనిలో చూడండి. ఫోమ్ ఎంత మంచిది వేసినా కింద కుట్టు గట్టిగా లేకపోతే ఫోమ్ జారిపోతుంది. బెల్టు కుట్టు, బెలూన్ ఫోమ్. రెండూ ఉంటే మంచిది. ఒక్కటే దొరుకుతుందంటే కుట్టు అడగండి. బెలూన్ ఒక్కసారి ఉబ్బితే దాని పని అయిపోయింది, కొత్తది వెయ్యాలి. బెల్టు పొద్దున లేస్తే ప్రతి పయనానికీ పనికొస్తుంది, ముప్పై ఏళ్ల నాటి కారులో కూడా.

ఇది తెలుసుకోవడానికి నాకు ఒక ఆడపిల్ల తుంటి విరగాల్సి వచ్చింది.

నోరు మూసుకున్న నాలుగు నెలలు

సునీతను ఇంటికి తెచ్చాక చూడబోయాను. గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. నన్ను చూసి, అడగకుండానే చెప్పింది.

"బెల్టు పెట్టుకుందామనే చూసిన అక్కా. పట్టీ గుంజిన. లాకు దొరకలె. చెయ్యి పెట్టి శానసేపు దేవులాడిన. బండి ఆపుమందామంటె, గంత సులువైంది నీకు దొరకదా అంటడని ఊకున్న. నా చేతికే దొరకలేదో ఏమో."

నేను ఏమన్నానో తెలుసా. "మంచిగైతవు బిడ్డా, ఫికర్ చెయ్యకు" అని లేచి వచ్చాను.

ఎందుకు చెప్పలేదంటే భయం. మొగుడు లేని మనిషిని, ఒక్క మిషన్ మీద బతికేదాన్ని. రాజవ్వ కుట్టిన సీటు వల్ల సేటింటి కోడలు కుంటిదైంది అని బజారులో ఒక్క మాట పుడితే మళ్లీ ఎవరు వస్తారు? పైగా సేటుకు కూడా తెలుసు కదా, తొక్కెయ్యమన్నది ఆయన నోరే కదా, ఆయనే చెప్పుకుంటాడులే అనుకున్నాను. ఆయన నేను చెప్తానేమో అని చూసి ఉంటాడు. ఇద్దరం ఎదురుపడితే రేటు మాట్లాడుకున్నట్టు పొడిగా మాట్లాడుకొని పక్కకు తప్పుకునేవాళ్లం.

ఈలోగా రాధమ్మ కనబడిన వాళ్లందరితో ఒకటే మాట. "చీర కుచ్చిళ్లు నలుగుతయని పెట్టుకోలె. నా కొడుకు పెట్టుకున్నడు, మంచిగున్నడు. దానిది సోకు, మాకు పరేషాన్."

ఆ మాట నా షాపులో కూర్చొని కూడా అన్నది. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను.

నాలుగో నెలలో తెలిసింది, సునీతను ఆష్టికి పంపించేస్తున్నారని. చూడటానికి తీసుకుపోయి మళ్లీ తేవడం కాదు. రాధమ్మే చెప్పింది. "తల్లిగారే అరుసుకుంటరు. తన తప్పుకు ఇక్కడ చాకిరి ఎవరు చేస్తరు? నా కొడుక్కు ఇంక బతుకున్నది గద." ఆ చివరి మాటకు అర్థం ఇంకో పెళ్లి అని బజారులో అందరికీ తెలుసు.

మీకు చెప్పే నాలుగు మాటలు

జరిగింది చెప్పే ముందు ఇవి చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను.

లాకుకు కోత పెట్టకుండా వెనక సీటు కుట్టకండి. ఎంత ఆలస్యమైనా సరే. కుట్టాక మీరే కూర్చొని మూడు బెల్టులూ పెట్టుకొని చూసి గానీ కారు ఇవ్వకండి. సీటు పక్కన గుడ్డ ముక్క ఉంటే, అక్షరం రాకపోయినా సరే, దాన్ని ముట్టుకోకండి. ఆ పక్క వదిలేసి కుట్టండి, కాదంటే ఆ సీటు మనకు రాదని చెప్పి పంపండి. ఉత్త క్లిప్పులు అమ్మకండి. ఫినిషింగ్ బాగాలేదంటారు. అననివ్వండి. చదువు రాకపోవడం తప్పు కాదు. చదివి చెప్పమని పక్కవాళ్లను అడగకపోవడం తప్పు. నేను అడిగి ఉంటే మా బజారులో చదివి చెప్పేవాళ్లు పది మంది ఉన్నారు.

నేను తొక్కేసిన కార్లలో గుర్తున్నవాటిని పిలిచి విప్పాను. కొందరు వచ్చారు. కొందరు, బాగానే ఉంది కదా, ఎందుకు కోస్తావన్నారు. కొన్ని కార్లు చేతులు మారి ఎటో పోయాయి. ఇప్పటికీ ఈ రోడ్ల మీద నా కుట్టు కింద లాకులు తిరుగుతూనే ఉన్నాయి. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆష్టికి పోయే రోజు

పొద్దున ఏడింటికి వాళ్ల గేటు లోపల, ఇంటి ముందర కారు నిలిచి ఉంది. సంచులు డిక్కీలో పెట్టేశారు. వెనక సీటు మీద దుప్పటి పరిచి ఉంది, పడుకోబెట్టి తీసుకుపోవడానికి. వర్క్‌షాపులో ముందు సీట్లు మార్చారు గానీ వెనకది నేను కుట్టిన తెల్ల కవరే.

గేటు తీసుకొని లోపలికి పోయాను. సునీత వాకర్ పట్టుకొని మెట్టు దగ్గర నిలబడింది. రాధమ్మ, "ఏందే రాజవ్వా, పొద్దుగాలనే?" అన్నది.

నేను మాట్లాడితే ఆగిపోతానని తెలుసు. దుప్పటి తీసి పక్కన పెట్టి, బ్లేడు తీశాను.

"అక్కా, ఏం చేస్తున్నవు?" అన్నాడు సేటు. గట్టిగా అనలేదు.

"నేను చేసిందాన్నే విప్పుతున్న సేటూ."

రెక్సిన్ నిలువునా కోశాను. సందులో చెయ్యి పెట్టి ఒక లాకు బయటికి లాగాను. కంపెనీ చుట్టిన ప్లాస్టిక్ కాగితం దాని మీద ఇంకా అట్లాగే ఉంది. రెండోది లాగాను. మూడోది.

"సునీత బెల్టు వెతికింది నిజం," అన్నాను. "లాకు దొరకకుంట నేనే కుట్టిన. నాలుగు నెలలసంది తెలిసే చెప్పలె. చీర కుచ్చిళ్ల ముచ్చట అబద్ధం."

సేటు కారు టాపు మీద చెయ్యి పెట్టి నేల చూస్తున్నాడు. తొక్కెయ్యమన్నది ఎవరో నేను చెప్పలేదు. చెప్పొద్దనే పోయాను. నా కుట్టు నేను విప్పుకోవాలి, వాళ్లది వాళ్ల ఇష్టం.

రాధమ్మ కారు దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఒక లాకును వేలుతో ముట్టుకున్నది.

"గియ్యేనా," అన్నది. "నడుముకు గుచ్చుకుంటున్నయని నేనే అంటి గద."

"నేను తొక్కెయ్యమంటి," అన్నాడు సేటు. అప్పుడు కూడా నేలనే చూస్తూ.

సునీత వాకర్ జరుపుకుంటూ తలుపు దాకా వచ్చింది. చాలాసేపు పట్టింది, ఎవరూ పట్టుకోవడానికి పోలేదు, ఆమె పట్టుకోనివ్వదని మొహం చూస్తేనే తెలుస్తున్నది. లాకులు చూసింది.

"మూడున్నయి," అన్నది. "నేను ఒక్కటన్న దొరుకుతదని చూసిన."

రాధమ్మ కొడుకు వైపు తిరిగి, "కిషనూ, ఆ సంచులు దించురా" అన్నది.

"దించకుండ్రి," అన్నది సునీత. "ఆష్టికి పోత. వారం రోజులుండి వస్త."

రాధమ్మ వైపు తిరిగి అన్నది. "అత్తమ్మా, నువ్వు గూడ రా. నేను సోకుకు పెట్టుకోలేదని మా నాయినకు ఫోన్ల చెప్పినవు గద. ఇది గూడ నువ్వే చెప్పు."

రాధమ్మ కొంగు సర్దుకున్నది. ఇంట్లోకి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసుకొని ఎక్కి కూర్చున్నది. సునీత ఇవతలి నుంచి మెల్లగా ఎక్కి, కాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకొని, పడుకోకుండా నిటారుగా కూర్చున్నది. పట్టీ గుంజి లాకులో పెట్టుకున్నది.

రాధమ్మ తన పట్టీ పట్టుకొని అటూ ఇటూ చూస్తున్నది. "ఇదెట్ల పెట్టుకోవాలెనే?" అన్నది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

సునీత చెయ్యి చాచి అత్త చేతిలో నుంచి పట్టీ తీసుకొని, మెలిక సరి చేసి, ఆమె నడుముకు అడ్డంగా లాగి లాకులో వేసింది. "గుచ్చుకుంటుందా?" అని అడిగింది.

"లేదు," అన్నది రాధమ్మ.

కారు పోయింది. నాతో ఎవరూ పోయివస్తామని అనలేదు, నేను దానికోసం ఎదురుచూడలేదు కూడా. కింద పడ్డ తెల్ల రెక్సిన్ ముక్కలు ఏరి కొంగులో వేసుకొని, తెరిచే ఉన్న గేటు వేసి ఇంటికి వచ్చాను.